బస్సు వచ్చే కాలేజీ

చేవెళ్ల బస్టాండుకు ఎదురుగా మా నాన్న కిరాణా కొట్టు ఉండేది. ఆయన పోయాక దాన్ని రెండు సగాలు చేశాం. ఒక సగంలో మా తమ్ముడు పప్పులూ నూనెలూ అమ్ముతాడు. రెండో సగంలో నేను రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిను పెట్టుకుని కూర్చుంటాను. కులం సర్టిఫికెట్ కావాలన్నా, ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చాలన్నా, భూమి కాగితం నకలు తీయాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నా దగ్గరికే వస్తారు. తక్కెడ ముట్టి పాతికేళ్లయినా నన్ను ఇప్పటికీ సేటు అనే పిలుస్తారు. ఆ పిలుపంటే నాకు ఇష్టం. దాచుకోవాల్సిన పని లేదు.

ఎండాకాలం అయిపోయి వానలు మొదలయ్యే రోజుల్లో నా షాపుకు వేరే కళ వస్తుంది. ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ అప్పుడే. ర్యాంకు కార్డు పట్టుకుని పిల్లలూ, వెనకాల తల్లో తండ్రో వస్తారు. నేను చదివింది డిగ్రీ రెండో సంవత్సరం దాకా. అదీ సరిగ్గా చదవలేదు. అలాంటివాణ్ని, మండలంలో సగం మంది పిల్లలు ఏ కాలేజీకి పోవాలో నా ఎడమ చేత్తో చాయ్ తాగుతూ కుడి చేత్తో తేల్చేసేవాణ్ని. అందులో తప్పేమైనా ఉందని చాలా ఏళ్లు నాకు తోచలేదు.

పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. పిల్లలు తమకు కావలసిన కాలేజీలను కంప్యూటర్‌లో ఒకదాని కింద ఒకటి వరసగా పెట్టాలి. సీట్లు ఇచ్చేటప్పుడు ఆ వరసను పైనుంచి చూసుకుంటూ వస్తారు. ర్యాంకుకు దొరికే మొదటి కాలేజీ దగ్గర ఆగిపోతారు. దాని కింద అంతకంటే మంచి కాలేజీ ఉన్నా, అక్కడా సీటు దొరికేదే అయినా, ఇక అటు చూడరు. కాబట్టి వరసే అన్నిటికంటే ముఖ్యం. పిల్ల రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు పది నిమిషాల్లో పెట్టే ఆ వరసలో నిలబడుతుంది, లేదా పోతుంది.

మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు కాలేజీ ఎలాంటిదని అడగరు. బ్రాంచి ఏమిటని కూడా పెద్దగా అడగరు. బస్సు వస్తుందా అని అడుగుతారు. మా ఊరి మొదట్లో ఉండే కమాను దాకా వస్తుందా, లేక రోడ్డు మీద దిగి నడవాలా, ఆడపిల్ల గదా, ఇదీ వాళ్ల బాధ. అందుకని నేనొక కాగితం తయారు చేసుకున్నాను. మొయినాబాద్ పక్కన, దాని అవతల ఉన్న ప్రైవేటు కాలేజీల్లో దేని బస్సు ఏ ఊరి మీదుగా వస్తుందో దాని మీద రాసి గోడకు అంటించాను. ఏ ఊరి పిల్ల వచ్చినా ఆ కాగితం చూసి కాలేజీల కోడ్లు కొట్టడమే. పావుగంటలో పని అయిపోయేది. ఆడపిల్లల తండ్రులు నా చేతులు పట్టుకుని మరీ పోయేవాళ్లు.

ఒక్కసారి మాత్రం ఆ కాగితం వంక చూడలేదు. మా అమ్మాయికి పెట్టినప్పుడు. ఆ రెండు రోజులు షాపు బందు పెట్టాను. నాకు తెలిసిన ఒక లెక్చరర్ ఇంటికి పోయి కూర్చుని, అంతకుముందు ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎంత ర్యాంకు దగ్గర ఆగిందో ఒక్కొక్కటే చూసి, అందనివి పైన, అందేవి మధ్యన, తప్పకుండా వచ్చేవి అడుగున పెట్టాను. గండిపేట వైపు మంచి కాలేజీలో సీటు వచ్చింది. దాని బస్సు మా వైపు రాదు. మా అమ్మాయికి స్కూటీ కొన్నాను.

ఆ మరుసటి ఏడాది వచ్చింది ఆ పిల్ల. షాబాద్ రోడ్డులో లోపలికి ఉన్న ఒక ఊరు వాళ్లది. తండ్రి కూరగాయలు పండిస్తాడు. తరాలుగా మా కొట్టులోనే ఉప్పూ పప్పూ తీసుకునే ఇల్లు. పిల్ల చేవెళ్లలోనే సర్కారు కాలేజీలో ఇంటర్ చదివింది. కోచింగ్ లేదు, ఏమీ లేదు. ఆ రోజు మార్కెట్‌కు టమాటాలు తెచ్చిన ట్రాలీ ఆటో షాపు ముందు ఆపి, తండ్రి గుమ్మంలో నుంచే మాట్లాడాడు.

“సేటు, మా పెద్ద బిడ్డకు ర్యాంకొచ్చింది. కాలేజీలు పెట్టాలెనట గద. జర నువ్వే జూసి పెట్టు.”

ర్యాంకు కార్డు చూసి నేను నిటారుగా కూర్చున్నాను. ఆ ఏడు నా షాపుకు వచ్చిన ర్యాంకుల్లో అదే మంచిది. మా అమ్మాయి ర్యాంకు కంటే చాలా మంచిది.

“మంచిగొచ్చిందన్న. ఈ ర్యాంకుకు మొయినాబాద్ కాలేజీ కండ్లు మూసుకొని వస్తది,” అన్నాను.

“బస్సొస్తదా మన కమాను దాంక?”

“వస్తది. పొద్దుగాల ఏడున్నరకు.”

“గంతే సాలు,” అని ఆయన ఆటో దగ్గరికి పోయాడు. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు.

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకు ఒళ్లు మండుతుంది. మంచి ర్యాంకు వచ్చింది కాబట్టి దగ్గరి కాలేజీ తప్పకుండా వస్తుందని సంతోషపడ్డవాణ్ని నేను. మంచి ర్యాంకు ఎందుకు పనికొస్తుందో నాకు తెలియక కాదు. కిందటి ఏడే రెండు రోజులు కూర్చుని అదే పని చేశాను. కానీ ఈ పిల్లకు అది అక్కర అని నా బుర్రకు రాలేదు.

కాగితం చూసి కోడ్లు కొట్టాను. బస్సు వచ్చే కాలేజీలు ఏడు పైన పెట్టి, ఎనిమిదో చోట పట్నంలోని సర్కారు యూనివర్సిటీ కాలేజీ పెట్టాను. ఊరికే, లిస్టు నిండుగా కనిపించాలని. పిల్ల నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని స్క్రీన్ చూస్తూ ఉంది.

“అంకుల్, యూనివర్సిటీ కాలేజీ గింత కింద పెట్టిండ్రేంది?” అని అడిగింది. “పైన పెడితే రాదా?”

“వస్తే పోతవా బిడ్డా? హాస్టల్ల ఉండాలె. బాపు పంపుతడా?”

ఆమె బయటికి చూసింది. తండ్రి ఎవరితోనో మాట్లాడుతూ టమాటా పెట్టెలు తాడుతో బిగిస్తున్నాడు. మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. ఆమె ఊరుకుంది కాబట్టి ఒప్పుకుందని నేను అనుకున్నాను. లేచి పది అడుగులు వేసి ఆయన్ని అడిగితే సరిపోయేది. వెనక ఇంకా ఆరుగురు నిలబడి ఉన్నారు. ప్రింట్ తీసి సంతకం పెట్టించాను.

అనుకున్నట్టే మొదటి కాలేజీలోనే సీటు వచ్చింది. తండ్రి మరుసటి రోజు సంచీ నిండా టమాటాలు తెచ్చి మా తమ్ముడి కౌంటర్ మీద పెట్టి, “ఇంట్ల చారు వెట్టుకోన్రి” అని చెప్పి పోయాడు.

వారం తిరిగింది. ఇంకొకరి పని మీద కౌన్సెలింగ్ సైటు తెరిచాను. ఏ కాలేజీలో ఎవరెవరికి సీటు వచ్చిందో అందులో కనిపిస్తుంది. చేయి ఊరుకోక ఆ పట్నం కాలేజీ జాబితా తీశాను. ఆ పిల్లకు పెట్టిన బ్రాంచిలో, ఆమె కేటగిరీలోనే, ఆమె కంటే వెనక ర్యాంకు వచ్చిన అమ్మాయిలు నలుగురు ఉన్నారు. ఒకటికి రెండుసార్లు చూశాను. నలుగురే. చాయ్ తెచ్చిన మనిషి ఏదో అడుగుతుంటే వినిపించలేదు.

అయితే అప్పటికి అంతా అయిపోలేదు. ఇంకో విడత ఉంది. మిగిలిన సీట్లకు మళ్లీ వరస పెట్టుకోవచ్చు. మెరుగైనది వస్తే మారిపోవచ్చు, రాకపోతే పాత సీటు ఉండనే ఉంటుంది. పోయేదేమీ లేదు. ఇవన్నీ నాకు తెలుసు. ఫోన్ తీశాను, ఆ తండ్రి నంబరు దాకా పోయాను, పక్కన పెట్టేశాను. ఏమని చెప్పాలి? నీ బిడ్డ సీటు నేనే పోగొట్టానని చెప్పాలి. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు కూడా అంతే అయింది.

ఆ విడత చివరి రోజు మధ్యాహ్నం ఆయనే వచ్చాడు, ఏదో పంట కాగితం జిరాక్స్ కోసం. షాపులో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఒకాయన ఈయన బిడ్డ సంగతి ఎత్తాడు, అంత మంచి ర్యాంకు వస్తే పట్నం కాలేజీ రాలేదా అని.

“ర్యాంకు సాలలేదన్న,” అన్నాడు ఈయన. “సేటు లిస్టుల పెట్టిండు గని రాలే. వస్తే పంపకపోదునా? సగం ఎకరం కౌలుకిచ్చి అయినా పంపుదును. దాని అదృష్టం గంతవరకే ఉన్నది. ఏం సేటు?”

గడువు ముగియడానికి ఇంకా మూడు గంటలున్నాయి. నేను జిరాక్స్ మెషిను మూత ఎత్తి కాగితం తిప్పి పెడుతూ, “దగ్గరి కాలేజీ గూడ మంచిదేనన్న” అన్నాను.

పిరికితనమే అది, ఇంకో పేరు పెట్టను. నలుగురి ముందు నా పేరు పోతుందని భయపడ్డాను. వాళ్లంతా వాళ్ల పిల్లల కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సేటుకు చేతకాలేదట అనే మాట సాయంత్రానికి మార్కెట్‌కు పోతుంది. ఆ ఒక్క మాటకు వెరచి మూడు గంటలు వృథా పోనిచ్చాను.

ఏడాది పాటు ఆ పిల్లను కాలేజీ బస్సులో చూశాను. మెళ్లో నీలం తాడు కార్డు, కిటికీ పక్కన సీటు. నన్ను చూసి చేయి ఊపేది. ఆ బస్సు మా షాపు ముందు నుంచే పోతుంది. పొద్దున ఆ టైముకు నేను లోపల ఏదో పని పెట్టుకోవడం మొదలుపెట్టాను.

రెండో ఏడాది ఆ కిటికీ పక్కన వేరే అమ్మాయి కనిపించింది. కొన్నాళ్లకు మార్కెట్‌లో తండ్రి ఎదురైతే అడిగాను. ఫీజులో సర్కారు ఇచ్చేది కొంతే, ఆ కొంతా ఎప్పుడు వస్తుందో తెలియదు, అది వచ్చేదాకా మీరే కట్టండని కాలేజీవాళ్లు అంటున్నారు. బస్సు ఫీజు మాత్రం మొత్తం చేతి నుంచే. ఆ బస్సు కోసమే గదా నేను ఆ కాలేజీని పైన పెట్టింది. ఆ ఏడు టమాటాకు ధర లేక ఆయన సగం పంట చేనులోనే వదిలేశాడు.

“చందనవెల్లి ఫ్యాక్టరీల ప్యాకింగ్ పనికి పోతున్నది సేటు. జర రెండేండ్లు చేసి మళ్ల చదువుకుంటనంటున్నది,” అన్నాడు. ఆయన ఆ మాట నమ్ముతున్నాడు. మా చుట్టుపక్కల అలా మళ్లీ చదువుకుంటానని ఆగిన పిల్లలు నాకు పది మంది తెలుసు. ఒక్కరూ తిరిగి పోలేదు.

ఉండబట్టలేక ఒక రోజు మొయినాబాద్ పోయాను. సీట్లు పెట్టడమే గానీ ఆ కాలేజీ లోపలికి పోవడం అదే మొదటిసారి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన సలాం చేసి, “అడ్మిషనా సార్?” అని అడిగాడు. ఆఫీసులో గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు. బాకీ తీరితే సర్టిఫికెట్లు ఇస్తామన్నాడు. నేనే కడతానంటే, “మీరేమైతరు సార్ వాళ్లకు?” అన్నాడు. ఏమవుతానో చెప్పలేక లేచి వచ్చేశాను. కడితే తండ్రికి తెలుస్తుంది, ఎందుకు కట్టావని అడుగుతాడు, అప్పుడు ఏం చెప్పాలన్నది కూడా దారి పొడుగునా ఆలోచించాను. మంచి పని చేయబోయినా నా ఆలోచన నా పేరు దగ్గరికే తిరిగి వస్తోంది. షాపుకు వచ్చి గోడ మీది కాగితం చించేశాను. ఆ తర్వాత ఎవరు వచ్చినా పూర్తిగా చూడనిదే పెట్టలేదు. పిల్లల్నీ తండ్రుల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి అడిగేవాణ్ని. విసుక్కుని కొందరు వేరే షాపుకు పోయారు.

మరుసటి ఏడు వానాకాలంలో ఆ పిల్ల షాపుకు వచ్చింది. ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని ఉంది, షిఫ్టు బస్సుకు ఇంకా గంట టైము ఉందట. వెంట చెల్లెలు. చెల్లెలి చేతిలో ర్యాంకు కార్డు.

“అంకుల్, చెల్లెకు గూడ నాకు పెట్టినట్టే పెట్టుండ్రి,” అంది అక్క. “గా బస్సు మంచిగొస్తుండె. ఎక్కడ దిగాలెనో, ఎక్కడ కూసోవాలెనో అన్ని నేను చెప్పిన దీనికి.”

చెల్లెలి ర్యాంకు అక్కంత మంచిది కాదు. అయినా తీసిపారేసేది కాదు. నేను హాల్ టికెట్ నంబరు కొట్టాను. అక్కడితో ఆపాను.

“నీకు పెట్టినట్టు పెట్టొద్దు బిడ్డా. నీకు నేను తప్పు పెట్టిన,” అన్నాను.

ఎలా చెప్పానో వరసగా గుర్తు లేదు. వరస ఎలా పనిచేస్తుందో చెప్పాను. ఆ నలుగురు అమ్మాయిల సంగతి చెప్పాను. ఇంకో విడత ఉండగా కూడా నోరు మెదపలేదని చెప్పాను. చెబుతూ ఆమె మొహం చూడలేక కీబోర్డు చూస్తూ ఉన్నాను.

చెల్లెలు అక్క చొక్కా చేయి పట్టుకుంది.

“అంటే నా ర్యాంకుకు వస్తుండె,” అంది అక్క.

“వస్తుండె బిడ్డా.”

“మీ ఇంట్ల అక్కకు గూడ బస్సు చూసే పెట్టిండ్రా అంకుల్?”

మా అమ్మాయి సంగతి అడుగుతోంది. స్కూటీ మీద పోతుంటే రోజూ చూసిందే గదా.

“లేదు,” అన్నాను.

“అక్క ర్యాంకెంతుండె?”

చెప్పాను.

“నాకంటే వెనక,” అంది. కోపంగా అనలేదు. సరిచూసుకుంటున్నట్టు అంది. తిట్టి ఉంటే నాకు బాగుండేది. అది కూడా నా సుఖం కోసమేనని తెలుసు.

తర్వాత ఆమె ప్లాస్టిక్ కుర్చీని నా పక్కకు లాక్కుంది. “జర అటు జరగుండ్రి. పోయినేడు ఏ కాలేజీ ఎంతకు ఆగిందో గది తీయుండ్రి,” అంది. నేను పట్టిక తీశాను. మౌస్ ఆమే పట్టుకుంది. ఒక్కో వరస చదివి చెల్లెలితో కాగితం మీద రాయించింది. ఏ కాలేజీకి హాస్టల్ ఉందో, ఏ బ్రాంచికి మంచి ల్యాబ్ ఉందో నన్ను అడిగింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. మధ్యలో షిఫ్టు బస్సు వచ్చి షాపు ముందు ఆగి హారన్ కొట్టింది. ఆమె తల ఎత్తలేదు. బస్సు పోయింది.

వరస అంతా అయ్యాక చెల్లెల్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదవమంది. ప్రింట్ తీశాక చెల్లెల్ని బయటికి పంపి, తను గుమ్మం దగ్గర ఆగింది.

“బాపుకు చెప్పకుండ్రి అంకుల్.”

“చెప్త బిడ్డా. ఇయ్యాల్నే ఇంటికొచ్చి చెప్త. ఇన్నొద్దులు చెప్పక తప్పు చేసిన.”

“వద్దు. బస్సొస్తదా అని అడిగింది ఆయననే. తన మాటతోనే నా సీటు పోయిందనుకుంటడు. అన్నం తినడు. మీమీద కోపం గూడ చెయ్యడు, తనమీదనే చేసుకుంటడు.” బయట ఆ రోజు ఆటో ఆగిన చోటు చూసి, “అప్పుడు నేను గూడ లేచి బాపును అడగాల్సుండె. ఆటో కాడనే ఉండె గద,” అంది.

అప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లగా లేచి వెళ్లి అడగనందుకు ఇప్పుడు తన తప్పు వెతుక్కుంటోంది. యాభై దాటిన నేను ఆ పది అడుగులూ వేయలేదు. ఆ మాటే అన్నాను. ఆమె వినలేదు. చెప్పనని మాట తీసుకుని పోయింది.

చెల్లెలికి పట్నం యూనివర్సిటీ కాలేజీలోనే వచ్చింది. అందరూ ఎగబడే బ్రాంచి కాదు, కానీ హాస్టల్ దొరికింది. తండ్రి ఆటో దిగి, నిండా జనం ఉన్న నా షాపులోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన వెనకాలే వాళ్ల ఊరి రైతు ఒకాయన, కూతురి ర్యాంకు కార్డుతో.

“సేటుకు ఇయ్యి, ఫికర్ జెయ్యకు,” అని ఆయనతో చెప్పాడు. “మా చిన్నదానికి సేటే పెట్టిండు. పెద్దదానికి గూడ పాపం మస్తు కోషిష్ చేసిండు. దాని ర్యాంకే సాలలే.”

అసలు సంగతి నోటి దాకా వచ్చింది. ఈసారి నా పేరు పోతే పోనీ అనిపించింది, నిజంగానే అనిపించింది. కానీ మాట ఇచ్చి ఉన్నాను. ఆ పిల్ల తండ్రి అందరి ముందూ తన కూతురి ర్యాంకు చాలలేదని చెబుతుంటే, చాలిందని తెలిసిన నేను తల ఊపాను.